లెక్క ఎక్కడ ఆగింది?

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



యాభై ఏళ్ల పండుగ అంటే జ్ఞాపకాల పండుగ. వాటిని నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నన్ను నిర్వాహకులు ఒకటే అడిగారు: "నువ్వు చేసే పనిలోంచి ఒక్క విషయం తీసుకో. సార్లకు పాఠంలో పనికిరావాలి, పిల్లలకు అర్థం కావాలి." నేను చేసేది శబ్దానికి సంబంధించిన సాఫ్ట్‌వేర్ పని. పాత రికార్డింగుల్లోని రొద తీసి మాట వినపడేలా చేయడం, అందుకు వాడే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు మొరాయిస్తే కారణం వెతకడం. ఆ పనిలో పదేపదే ఎదురయ్యే ఒక చిక్కును ఈ రోజు మీ ముందు విప్పుతాను. దాని పేరు డబుల్ ప్రెసిషన్ ఫ్లోటింగ్ పాయింట్. పేరు పెద్దదే గాని విషయం మనకు తెలిసిన తూకం, లెక్కల విషయమే.

ముందు శబ్దం అంకె ఎలా అవుతుందో చూద్దాం. మైకు ముందు మనిషి మాట్లాడితే కంప్యూటరు ఆ గాలి ఒత్తిడిని సెకనుకు 48,000 సార్లు కొలిచి రాసుకుంటుంది. సీడీ పద్ధతిలో అయితే 44,100 సార్లు. ఒక్కో కొలతను శాంపిల్ అంటాం. ఆడియో ప్రోగ్రాముల్లో ఈ కొలతలు మామూలుగా -1కి, +1కి మధ్య దశాంశ సంఖ్యలుగా ఉంటాయి. గుసగుసకు 0.001, గట్టి మాటకు 0.5, అలా.

దశాంశ సంఖ్యను కంప్యూటరు దాచుకునే పద్ధతే ఫ్లోటింగ్ పాయింట్. ఫిజిక్సు సారు సార్థక అంకెల పాఠంలో చెప్పిందే ఇది. వెర్నియర్ కాలిపర్సుతో కొలిచినా, మైలురాళ్లు లెక్కపెట్టినా రాసే సార్థక అంకెలు కొన్నే, బిందువు మాత్రం అటూ ఇటూ జరుగుతుంది. కంప్యూటరు కూడా సార్థక అంకెలను ఒకచోట, బిందువు ఎక్కడుందో చెప్పే ఘాతాంకాన్ని ఇంకోచోట దాచుకుంటుంది. ఒకప్పుడు ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో తీరుగా దాచుకునేది. ఒకదాని మీద వచ్చిన జవాబు ఇంకోదాని మీద వచ్చేది కాదు. 1985లో ఐఈఈఈ 754 అనే ప్రమాణం వచ్చాక ఆ గందరగోళం తగ్గింది. దాని వెనుక ముఖ్యంగా నిలిచిన గణితవేత్త విలియం కహాన్. 1989 ట్యూరింగ్ అవార్డు ఆయనకు వచ్చింది.

ఆ ప్రమాణంలో మనకు కావలసినవి రెండు సైజులు. సింగిల్ అంటే 32 బిట్లు, అంటే 4 బైట్లు. అందులో సార్థక అంకెలకు 24 ద్విసంఖ్యా స్థానాలు దొరుకుతాయి. మన పదుల లెక్కలో దాదాపు 7 అంకెలు. డబుల్ అంటే 64 బిట్లు, 8 బైట్లు. అందులో 53 స్థానాలు, అంటే 15 నుంచి 16 అంకెలు.

తేడా ఎంతో చెప్పడానికి మన ఊరి తూకమే చాలు. సింగిల్ ప్రెసిషన్‌తో ఒక కాంటా చేశామనుకోండి, గ్రాముల్లో చూపిస్తుంది. సున్నా నుంచి 1,67,77,216 గ్రాముల దాకా ప్రతి గ్రామునూ తప్పకుండా చూపిస్తుంది. రెండును 24 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య అది. టన్నుల్లో చెబితే 16 టన్నుల 777 కిలోలు, ఒక లారీ బొగ్గు. సరిగ్గా అక్కడికి చేరాక ఇంకో గ్రాము వేయండి. ముల్లు కదలదు. ఇంకో గ్రాము వేయండి. కదలదు. ఒక్కో గ్రాము చొప్పున రోజంతా వేసినా అదే చూపిస్తుంది. ఎందుకంటే ఆ తర్వాత అది రాయగల సంఖ్య రెండు గ్రాముల అవతల ఉంది. ఒక్కటి కలిపితే మధ్యలో పడుతుంది, నియమం ప్రకారం వెనక్కి సవరించబడుతుంది. మళ్లీ ఒకటి కలిపినా పాత సంఖ్యకే కలుపుతున్నాం కాబట్టి మళ్లీ అదే.

డబుల్ కాంటా ఎక్కడిదాకా గ్రాము తప్పకుండా చూపిస్తుంది? సుమారు 900 కోట్ల టన్నుల దాకా. 2023-24లో సింగరేణి మొత్తం తవ్విన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అదే లెక్కన నూరేళ్లకు పైగా తవ్విన బొగ్గంతా ఆ కాంటా మీద పోసి, పైన ఒక గ్రాము వేసినా ముల్లు కదులుతుంది.

ఇది వినగానే "అయితే అన్నీ డబుల్‌లోనే పెట్టుకుంటే పోలేదా" అనిపిస్తుంది. ఆగండి. మనిషి చెవికి డబుల్ అవసరం లేదు. 24 స్థానాలతో చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య దాదాపు 144 డెసిబెల్‌ల తేడాను రాయవచ్చు. సీడీ వాడేది 16 బిట్లే, 96 డెసిబెల్‌లు. నిశ్శబ్దమైన గది నుంచి చెవి నొప్పి పుట్టే మోత దాకా ఉన్న మేరకు 24 స్థానాలు సరిపోతాయి. ఒక శాంపిల్‌ను దాచడానికి గాని, ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాముకు చేరవేయడానికి గాని సింగిల్ చాలు. లినక్సులో ప్రోగ్రాముల మధ్య శబ్దాన్ని చేరవేసే జాక్ అందుకే 32 బిట్ల ఫ్లోట్‌తోనే నడుస్తుంది. ల్యాడ్‌స్పా ప్లగిన్లూ అంతే.

మరి డబుల్ ఎక్కడ కావాలి? లెక్క పేరుకుపోయే చోట. అది రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి లెక్కపెట్టే చోట, రెండోది తన జవాబును మళ్లీ తనకే తినిపించుకునే చోట.

మొదటిదానికి ఒక ఉదాహరణ చెబుతాను. మన బడి మిత్రుడొకడు నాకు ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న గనిలో కోల్ ఫిల్లరుగా చేసి రిటైరయ్యారు. టబ్బులు నింపిన రోజుల ముచ్చట్లు, తొలిసారి గనిలోకి దిగిన రోజు సంగతి, తోటివాళ్ల పేర్లు, అన్నీ రెండు గంటలు కొడుకు ముందు చెప్పారు. వీడు రికార్డు చేసి పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ పెద్దాయన లేరు. ఇప్పుడు ఆ మాటను శుభ్రం చేసి అక్కచెల్లెళ్లకు పంపాలని వీడి తాపత్రయం. ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములో తానే చిన్న ప్లేయరు కట్టుకున్నాడు.

"అరే, బాపు మాట మధ్యల ఆగిపోతుందిరా. ఫైలు ఖరాబైందా?" అన్నాడు.

"ఎన్ని నిమిషాలకు ఆగుతుంది?"

"ఐదు నిమిషాల నలభై తొమ్మిది సెకన్లకు. ఎన్నిసార్లు పెట్టినా గక్కడనే."

"వేరే ఫైలు పెట్టి చూడు."

"చూసిన. అదీ గక్కడనే."

ఇక్కడ ఒక క్షణం ఆగుదాం. ఫైలు పాడైతే ఒక ఫైలే ఆగాలి. రెండూ ఒకేచోట ఆగాయంటే జబ్బు ఫైలుది కాదు. అప్పుడు నేను అడిగింది ఒక్కటే: "సెకనుకు 48,000 బదులు 44,100 శాంపిళ్లుగా మార్చి పెట్టు." పెట్టాడు. ఈసారి ఆగింది 6 నిమిషాల 20 సెకన్లకు. సమయం మారింది. కాని 349.5 సెకన్లను 48,000తో గుణించండి. 380.4 సెకన్లను 44,100తో గుణించండి. రెండూ ఒకే సంఖ్య దగ్గరికి వస్తాయి, 1,67,77,216. మన లారీ కాంటా సంఖ్య.

వాడి ప్లేయరు ఒక్కో శాంపిల్ వాయించి లెక్కకు ఒకటి కలుపుకుంటూ పోతోంది. ఆ లెక్క సింగిల్ ప్రెసిషన్‌లో ఉంది. కాంటా ముల్లు ఆగినట్టు లెక్క ఆగింది. అక్కడి నుంచి అదే శాంపిల్‌ను మళ్లీ మళ్లీ వాయిస్తోంది. కదలని అంకె చెవికి నిశ్శబ్దమే కదా. వాళ్ల నాన్న మాట ఫైలులో భద్రంగానే ఉంది. దాన్ని చేరుకునే లెక్కే అయిపోయింది. అదే లెక్క డబుల్‌లో ఉంటే సెకనుకు 48,000 చొప్పున 5,900 ఏళ్లు దాటాక గాని ఈ ఇబ్బంది రాదు.

ఇది ఒక్క ప్రోగ్రాముకే ఉన్న లోపం కాదు. సింగిల్‌తో లెక్కపెట్టే ఏ ఆడియో ప్రోగ్రాముకైనా ఉండే హద్దు. మిల్లర్ పకెట్ తయారు చేసిన ప్యూర్ డేటా అనే ప్రసిద్ధ ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం మామూలుగా సింగిల్‌లోనే వస్తుంది. పొడవైన రికార్డింగులో దూరాన ఉన్న శాంపిల్‌ను కచ్చితంగా చేరడానికి అందులో ఒక దారి పెట్టారు. చేరవలసిన చోటును ఒకే పెద్ద సంఖ్యగా చెప్పకుండా "ఇక్కడి నుంచి మొదలుపెట్టు, అక్కడి నుంచి ఇంత దూరం వెళ్లు" అని రెండు సంఖ్యలుగా ఇవ్వవచ్చు. పెద్ద దూరాన్ని మైలురాయితో చెప్పి, మిగతాది అడుగులతో చెప్పినట్టు. ఈ ప్రోగ్రామును డబుల్‌గా కట్టుకునే వీలు కూడా ఇప్పుడు ఉంది.

ఇక రెండో చోటు, జవాబును మళ్లీ తనకే తినిపించుకునే లెక్క. ఫ్యాను గాలి మైకుకు తగిలి వచ్చే గుమగుమను తీసే ఫిల్టరు ఇలాంటిదే. నిన్నటి జవాబులో కొంత ఇవాళ్టి లెక్కలో కలుస్తుంది. సెకనుకు 48,000 శాంపిళ్లప్పుడు 20 హెర్ట్జ్ దగ్గర పనిచేసే ఒక రకం ఫిల్టరులో 1.999993 లాంటి గుణకం వస్తుంది. అది 2 కాదు, 2కు చాలా దగ్గర. ఫిల్టరు చేసే పనంతా ఆ చిన్న తేడాలోనే ఉంది. సింగిల్‌లో ఆ గుణకానికీ 2కూ మధ్య ఉన్న మెట్లు 57 మాత్రమే. స్కేలు మీద 57 గీతలున్న చోట గీతకూ గీతకూ మధ్య పడిన కొలతను ఏదో ఒక గీతకు జరపాల్సిందే. పైగా ప్రతి గుణకారం తర్వాత మిగిలిన చిన్న తప్పు తర్వాతి లెక్కలోకి వెళుతుంది, సెకనుకు 48,000 సార్లు. చివరికి రొద తీయాల్సిన ఫిల్టరు తానే సన్నని గురగుర కలుపుతుంది. డబుల్‌లో అయితే ఆ 57 మెట్లలో ప్రతి ఒక్కటీ 53 కోట్లకు పైగా చిన్న మెట్లవుతుంది. గురగుర చెవికి అందనంత కిందికి దిగిపోతుంది.

మళ్లీ మిత్రుడి దగ్గరికి వస్తాను. ఎవరో చెప్పగా వాడు ప్రోగ్రామును డబుల్‌గా మళ్లీ కట్టుకున్నాడు. రెండు రోజులకు ఇంకో ఫోన్.

"డబుల్ చేస్తే బాగైతదన్నరు, చేసిన. ఇప్పుడు మొత్తమే వినపడతలేదురా. మొదలు ఐదు నిమిషాలన్న వినపడేది!"

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఇలాంటి ఫోన్లలో ఎక్కువ భాగం ఈ రెండో దశలోవే.

వాడి ప్రోగ్రాం ఒక్క ముక్క కాదు. ఫైలు చదివి అంకెలు అందించే పని ఒక ప్లగిన్‌ది. ఆ ప్లగిన్ పాతదే, సింగిల్‌గా కట్టినదే. అది 4 బైట్ల అంకెలు వరుసగా పేర్చి ఇస్తుంది. కొత్త ప్రోగ్రాం వాటిని 8 బైట్ల అంకెలనుకొని చదువుతుంది. రెండు చిన్న అంకెలను కలిపి ఒక పెద్ద అంకెగా చదువుతుందన్నమాట. బట్టల దుకాణంలో ఒకాయన మీటర్లలో చెబుతుంటే ఇంకొకాయన గజాల్లో రాసుకున్నట్టు కూడా కాదిది. ఒకాయన తెలుగులో చెబుతుంటే రెండేసి అక్షరాలు కలిపి ఇంకో భాషగా చదివినట్టు.

అలా చదివితే ఏమొస్తుందో కచ్చితంగా లెక్కగట్టవచ్చు. నేను వాణ్ని వాళ్ల నాన్న రికార్డింగు పక్కన పెట్టమన్నాను. మొదటి నుంచి చివరి దాకా ఒకే అంకె, 0.5 మాత్రమే ఉన్న ఫైలు ఒకటి తయారు చేయించాను. దాన్ని ప్రోగ్రాములోకి పంపి, అవతల ఏ అంకె వచ్చిందో ముద్రించమన్నాను. వచ్చింది 0.0000305. అసలుకు 16,384 రెట్లు చిన్నది. చెవికి అది నిశ్శబ్దం.

ఆ అంకె చూడగానే జబ్బు ఖాయమైంది. 0.5ను 4 బైట్లలో రాసి, అలాంటివి రెండు కలిపి 8 బైట్లుగా చదివితే సరిగ్గా అదే వస్తుంది. ఉల్టా జరిగితే, అంటే 8 బైట్ల 0.5ను 4 బైట్లుగా చదివితే, మన మామూలు కంప్యూటర్ల మీద 0, 1.75, 0, 1.75 అని ఒకదాని వెంట ఒకటి వస్తాయి. గరిష్ఠ హద్దు 1 అయిన చోట 1.75 వచ్చిందంటే స్పీకరుకు దెబ్బే. అసలు మాటతో అయితే ఇంకా దారుణమైన అంకెలు రావచ్చు. అందుకే ఇలాంటి పరీక్షలు చేసేటప్పుడు హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకోవద్దని పిల్లలకు గట్టిగా చెబుతున్నాను. ముందు అంకెలను కంటితో చూడండి, తర్వాత చెవితో వినండి.

మందు తేలికే. ఆ ప్లగిన్‌ను కూడా డబుల్‌గా మళ్లీ కట్టడం. సోర్సు అందుబాటులో ఉంది కాబట్టి అరగంట పని. గొంతు తిరిగి వచ్చింది. ఐదు నిమిషాల నలభై తొమ్మిది సెకన్లు దాటింది, పది దాటింది, గంట దాటింది.

సగం మార్చి సగం వదిలేస్తే అసలు మార్చకపోవడం కన్నా ప్రమాదం అనడానికి లోకంలో ఒక విషాద ఉదాహరణ ఉంది. 1991 ఫిబ్రవరి 25న గల్ఫ్ యుద్ధంలో సౌదీ అరేబియాలోని ధహ్రాన్ దగ్గర అమెరికన్ పేట్రియట్ వ్యవస్థ వచ్చే క్షిపణిని అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. అది ఫ్లోటింగ్ పాయింట్ లెక్క కాదు గాని దోషం మన దోషమే. సెకనులో పదో వంతును 24 బిట్లలో ఇమిడ్చారు. 0.1 ద్విసంఖ్యా పద్ధతిలో ఎప్పటికీ తెగని భిన్నం, మనకు మూడింట ఒకటి 0.333 అని సాగినట్టు. మిగిలిన ముక్కను కోసేశారు. వ్యవస్థ 100 గంటలు ఆగకుండా నడిచేసరికి ఆ ముక్కలన్నీ పేరుకుని గడియారం 0.34 సెకను తేడా చూపింది. ఆ కాలంలో క్షిపణి అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. తర్వాత వచ్చిన విశ్లేషణల్లో ఇంకో సంగతి బయటపడింది. సమయాన్ని మరింత కచ్చితంగా లెక్కించే కొత్త పద్ధతిని ఆ ప్రోగ్రాములో కొన్ని చోట్ల పెట్టారు, కొన్ని చోట్ల పెట్టలేదు. అన్ని చోట్లా ఒకే తప్పు ఉంటే తీసివేతలో ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకునేవి. ఒకచోట సరిచేసి ఇంకోచోట వదిలేయడంతో ఆ రద్దు కూడా పోయింది.

అందుకే డబుల్‌కు మారేటప్పుడు చూడాల్సింది కీళ్లను, ఒక ముక్క ఇంకో ముక్కకు అతికే చోట్లను. మంచి ప్రోగ్రాములు ఆ కీలు దగ్గర కాపలా పెడతాయి. బారీ వెర్కో ఎంఐటీలో రూపొందించిన సీసౌండ్ ఇందుకు మంచి ఉదాహరణ. అందులో శాంపిల్ సైజును ఒకేచోట నిర్ణయిస్తారు. మిగతా ప్రోగ్రామంతా ఆ పేరునే వాడుతుంది. బయటి ప్లగిన్ లోపలికి రావాలంటే తన అంకె ఎన్ని బైట్లదో ముందు చెప్పాలి. పొసగకపోతే తీసుకోదు. మస్టర్ పడకుండా గనిలోకి దింపరు కదా, అలాగే. డబుల్ ప్లగిన్లకు వేరే ఫోల్డరు, దాని దారి చెప్పే సెట్టింగు పేరు చివర 64 అనే గుర్తు కూడా ఉంటాయి. ప్యూర్ డేటాను డబుల్‌గా కట్టుకుంటే బయటి నుంచి తెచ్చుకున్న ముక్కలన్నింటినీ డబుల్‌గా మళ్లీ కట్టుకోవాలి. శబ్దాన్ని స్వరాలుగా విడదీసే ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ అనే లైబ్రరీ కూడా అంతే. డబుల్‌కు ఒక ఫైలు, సింగిల్‌కు పేరు చివర ఎఫ్ అక్షరంతో ఇంకో ఫైలు. ఒకటి ఉందని రెండోది ఉన్నట్టు కాదు. "లైబ్రరీ ఉంది, అయినా దొరకలేదంటోంది" అని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి లేనిది ఆ రెండో ఫైలు.

ఈ 64 అనే సంఖ్య దగ్గరే ఇంకో గందరగోళం ఉంది. కంప్యూటరు ప్రాసెసరు 64 బిట్లది కావచ్చు. అది మెమరీ చిరునామాల సంగతి. ప్రోగ్రాం లోపలి శాంపిల్ 64 బిట్లది కావచ్చు. అది డబుల్ ప్రెసిషన్. దాచిన ఫైలులో ఒక్కో శాంపిల్ 64 బిట్లది కావచ్చు. అది డిస్కు సంగతి. మూడూ వేర్వేరు. "నాది 64 బిట్ల కంప్యూటరు, కాబట్టి డబుల్ ఉన్నట్టే" అనుకోవద్దు. 64 బిట్ల కంప్యూటరు మీద సింగిల్ ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. పాత 32 బిట్ల కంప్యూటరు మీద డబుల్ లెక్కలూ నడిచేవి.

మూడో గందరగోళంలోనే మా వాడు చివరగా ఇరుక్కున్నాడు. శుభ్రం చేసిన రెండు గంటల రికార్డింగును స్టీరియోలో 64 బిట్ల వేవ్ ఫైలుగా దాచబోయాడు. గంటన్నర దాటాక ఫైలు తెగిపోయింది. మామూలు వేవ్ ఫైలు తన పొడవును 32 బిట్ల సంఖ్యలో రాసుకుంటుంది, కాబట్టి 4 జీబీ దాటలేదు. 48,000 శాంపిళ్లు, రెండు ఛానళ్లు, ఒక్కోదానికి 8 బైట్లు. ఆ లెక్కన 4 జీబీ గంటా 33 నిమిషాలకే నిండుతుంది. పెద్ద ఫైళ్లకు ఆర్ఎఫ్64 లాంటి రూపాలు ఉన్నాయి. కాని ఇక్కడ అవసరమే లేదు. ముందు చెప్పుకున్నట్టు దాచడానికి 24 బిట్లు చాలు. లెక్క డబుల్‌లో చేసి, జవాబును 24 బిట్లలో దాచుకుంటే రెండు గంటలకు సుమారు 2 జీబీ. అలాగే చేశాడు. అక్కచెల్లెళ్లకు చేరింది.

పిల్లలు రాసుకోవడానికి వీలుగా వరుస చెబుతాను. ఆడియో ప్రోగ్రాంలో ఇలాంటి చిక్కు వస్తే ముందు లక్షణాన్ని అంకెల్లో చెప్పండి. "సరిగా రావడం లేదు" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఎన్ని సెకన్లకు, ఏ రేటులో, ఎన్ని ఫైళ్లలో అన్నది రాయండి. తర్వాత ఒక్క విషయమే మార్చి చూడండి, రెండు కాదు. మూడోది, 1,67,77,216కు ఒకటి కలిపి చూడండి. సంఖ్య కదలకపోతే ఆ లెక్క సింగిల్‌లో ఉంది. నాలుగోది, అసలు రికార్డింగు పక్కన పెట్టి 0.5 పంపండి. 0.0000305 వచ్చినా, 0, 1.75 వచ్చినా ఒక కీలు దగ్గర సైజులు పొసగడం లేదు. ఒక్కో ప్లగిన్‌ను తీసేస్తూ పోతే ఏ కీలో తెలుస్తుంది. అన్నింటికంటే ముందు, అసలు రికార్డింగుకు ఇంకో కాపీ తీసి వేరే చోట పెట్టండి. ప్రయోగాలన్నీ కాపీ మీదనే చేయాలి.

ఈ వరుస అంతా సాధ్యమైంది ఆ ప్రోగ్రాముల సోర్సు బయట ఉన్నందుకే. అంకె ఎన్ని బైట్లదో ఏ ఫైలులో, ఏ వరుసలో నిర్ణయించారో చదివి చూడగలం, మార్చి కట్టుకోగలం. మూసిన పెట్టెలో అయితే మా వాడికి మిగిలేది ఒక ఫిర్యాదు, ఒక ఎదురుచూపు. అయితే తెరిచి ఉన్నదాన్ని వాడుకున్నవాళ్లకు ఒక బాధ్యత కూడా ఉంటుంది. మా వాడు తన 0.5 పరీక్షను, వచ్చిన అంకెలను నాలుగు వరుసల్లో రాసి ఆ ప్లగిన్ చేసినవాళ్లకు పంపాడు. తర్వాత వచ్చేవాడు అదే గుంతలో పడకూడదు కదా.

సార్లకు ఒక మనవి. సార్థక అంకెల పాఠం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోతోంది. కంప్యూటరు గదిలో ఒక్క పీరియడు తీసుకుని, పిల్లలతో 0.1కి 0.2 కలిపించండి. డబుల్‌లో కూడా 0.30000000000000004 అని వస్తుంది. అది చూసిన పిల్లవాడు "కంప్యూటరు చెప్పింది కాబట్టి నిజం" అని మళ్లీ అనడు. ఎంతవరకు నిజం అని అడుగుతాడు.

మన సంఘానికి ఒక మనవి. నస్పూర్, శ్రీరాంపూర్ కాలనీల్లో మొదటి తరం గని కార్మికులు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. మన పక్క పల్లెల్లో రాత్రంతా ఒగ్గుకథ చెప్పగల పెద్దలు ఉన్నారు. వాళ్ల గొంతులు రికార్డు చేసి ఉంచే పనిని సంఘం తీసుకోవాలని నా కోరిక. అందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక మంచి మైకు, ఒక మామూలు కంప్యూటరు, ఉచితంగా దొరికే ప్రోగ్రాములు చాలు. 48,000 రేటు, 24 బిట్లు పెట్టుకుందాం. లెక్కలు డబుల్‌లో చేయిద్దాం. ప్రతి రికార్డింగుకు రెండు కాపీలు, రెండు వేర్వేరు ఇళ్లలో. రాత్రంతా సాగే కథ ఐదు నిమిషాల నలభై తొమ్మిది సెకన్ల దగ్గర ఆగకుండా చూసే బాధ్యత, సంఘం ఒప్పుకుంటే, నేను తీసుకుంటాను. నేర్చుకోవాలనుకునే పిల్లలు సభ అయ్యాక నన్ను కలవండి. 0.5 ఫైలు నా దగ్గర ఉంది, లాప్‌టాప్ కూడా తెచ్చాను.